రెండు సెకన్ల ముందు

“ఇప్పుడు సంగీతం ఆగిపోతుంది చూడు. గొప్పతనమంతా అక్కడే ఉంది!” సినిమా హాలు చీకట్లో భార్య చెవిలో గుసగుసలాడాడు వాచీల మెకానిక్.

అంతరిక్ష నౌకలో ఏడుగురు. వాళ్ళలో ఒకరి రూపంలో ఏదో దూరింది. ఎవరిలోనన్నది ఎవరికీ తెలీదు. చిన్నప్పుడు చూసిన ఆ సినిమా గురించి చెప్పి పెళ్ళయినప్పట్నుంచీ ఆమెను ఊరిస్తూనే ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడైనా వస్తే మొదటిసారి తనతోనే చూడాలని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

పెళ్ళయిన పదకొండేళ్ళకు ఆ సినిమా మళ్ళీ వచ్చింది. పది రోజులుగా ఆడుతోంది. ఈ ఆదివారం మ్యాట్నీకి టికెట్లు ఆమే కొంది.

గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి ఎందుకో పలకరింపుగా నవ్వాడు. మెకానిక్ చూడనట్టే లోపలికి నడిచాడు.

తెర మీద తలుపు తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. జనం హమ్మయ్య అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

రెండు సెకన్ల తర్వాత పైకప్పులోంచి ఒక చెయ్యి కిందికి దిగింది. హాలంతా కెవ్వుమంది.

“భయపడకు, నేనున్నాగా,” అన్నాడు. అన్నాక ఆలోచనలో పడ్డాడు. సెకన్ల లెక్క ఆయనకు కొట్టిన పిండి. రాబోయేది తెలియని మనిషి ముందే కళ్ళెలా మూసుకుంటుంది?

ఇంకో పావుగంటకు ఆయన ఒళ్ళోని పాప్‌కార్న్ డబ్బా తీసి ఆమె జాగ్రత్తగా కింద పెట్టింది. మరుక్షణం నౌక కిటికీ బద్దలైంది. ముందు వరసలవాళ్ళ పాప్‌కార్న్ అంతా నేలపాలయింది.

ఆమెను నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇంత పని చేస్తుందా! పదకొండేళ్ళు దాచుకున్న ముచ్చట ఎవడో తన్నుకుపోయాడు. ఏడుపొక్కటే తక్కువ.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి.

“నువ్వీ సినిమా ముందే చూశావు కదూ?”

“చూశాను.” బెదురన్నది లేదు.

“ఎప్పుడు?”

“మొన్నొకరోజు. ఆసుపత్రిలో డ్యూటీకి సెలవు పెట్టి.”

“నాతో డ్యూటీ ఉందని చెప్పి సినిమాకొచ్చావా? ఒట్టేశావు కదే! నన్నింత మోసం చేస్తావా?” సీట్లోంచి లేచి నిలబడ్డాడు. “ఎవడి పక్కన కూర్చుని చూశావు?”

“ఎవరి పక్కనా కాదండీ, బుధవారం మీ వెనక వరసలోనే కూర్చున్నాను, ఆ చెయ్యి దిగగానే మీ భుజంలో తల దాచుకున్న ఆవిడతో కూడా మీరు ‘భయపడకు, నేనున్నాగా’ అనే అన్నారు.”