వార్తల్లో మన సారు

కాగితంలో సంగీత పేరు కనబడిన చోటల్లా సుధాకర్ రావు ఒక గీత గీసి, దానిపైన తన పేరు రాసుకుంటూ పోయాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. అలవాటైన పని మరి.

ఆయన కోరుట్లలో గోదావరి యూనివర్సిటీ ప్రొఫెసరు. సంగీత ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఎల్లారెడ్డిపేటలో తల్లి రాజవ్వ కూలికి పోయి చదివించింది. పసుపు రైతులను ఏటా ఏడిపించే దుంపకుళ్లుకు సంగీత చవకైన విరుగుడు కనిపెట్టింది. మూడేళ్లు యూనివర్సిటీ పసుపు మళ్లలోనే పడి ఉంది. ఆ సంగతి పేపరుకు ఇద్దామని వార్త రాసి తెస్తే, సారు ఇలా దిద్దిపెడుతున్నాడు.

యూనివర్సిటీలో ఒక అద్దాల బోర్డు ఉంది. పైన ‘వార్తల్లో మన యూనివర్సిటీ’ అని రాసి ఉంటుంది గానీ, ‘వార్తల్లో మన సారు’ అని ఉంటే సరిపోయేది. చీడ పట్టని కంది అయినా, కొత్త రకం కలుపు యంత్రమైనా, కష్టపడింది ఏ విద్యార్థి అయినా, కత్తిరించి అతికించిన ప్రతి ముక్కలోనూ సుధాకర్ రావే నవ్వుతూ ఉంటాడు. ఇప్పుడు డైరెక్టరు పోస్టు ఖాళీగా ఉంది. పేపర్లో ఇంకొక్కసారి పడితే ఆ కుర్చీ తనకే ఖాయమని ఆయన లెక్క.

ఇదంతా జరుగుతున్నది బస్టాండు ముందు టెంటులో. అవి సకల జనుల సమ్మె రోజులు. ఆఫీసుల్లేవు, బడుల్లేవు, బస్సుల్లేవు. తెలంగాణ తేలేదాకా ఏ ఉద్యోగీ యూనివర్సిటీ గేటు దాటకూడదని మైకులో ఒట్టు వేయించింది అధ్యాపకుల సంఘం అధ్యక్షుడైన సుధాకర్ రావే. పైర్లు ఎండిపోతాయి గనుక విద్యార్థులను మాత్రం పోనిచ్చారు. చాటుగా లోపలికి పోయిన ఒక లెక్చరర్‌ను పట్టుకొచ్చి టెంటు ముందు గుంజీలు తీయిస్తే, వాటిని లెక్కపెట్టింది కూడా ఈయనే.

“సార్, ఒక్క చోటన్న నా పేరు ఉంచుండ్రి,” అంది సంగీత మెల్లగా. “మా అవ్వ సూసుకుంటది.”

“పేపరోళ్లు ఒక్క పేరైతెనే మంచిగ ఏస్తరు బిడ్డా. రేపు థీసిస్ మీద నీ పేరే ఉంటది గద, తొందరేంది?”

“సరే సార్.”

ఎంత బుద్ధిమంతురాలు, అనుకున్నాడు. నిరుడు ఇలాగే పేరు తీసేసినందుకు ఒక కుర్రాడు పెద్ద గొడవ చేశాడు. ఈ పిల్లకు ఆ తలబిరుసు లేదు. పైగా తెలుగు ఎంత బాగా రాసింది. ‘వాన అనక, బురద అనక, నెల రోజులుగా ఒక్క పూటైనా మానకుండా పొద్దున్నే మళ్లలోకి దిగి’ అన్న చోట సంగీత పేరు పోయి తన పేరు వచ్చేసరికి, సుధాకర్ రావుకు తన మీద తనకే గౌరవం పెరిగిపోయింది.

“విలేకరి నరేందర్‌కు నువ్వే ఇచ్చి రా. నా ఫొటో జర పెద్దగ ఎయ్యమను.”

తెల్లారి కోరుట్ల పేజీలో అన్నిటికంటే పైన పడింది. ఫొటో కూడా పెద్దదే. సుధాకర్ రావు దాన్ని తనివితీరా చూసుకుని, వార్తలో తన పేరు ఎన్నిసార్లు వచ్చిందో వేలు పెట్టి చూసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని టెంటుకు బయలుదేరాడు. టీవీ వాళ్లు కూడా వచ్చి ఉన్నారు. ఇంకేం కావాలి?

టెంటులో అందరి చేతుల్లోనూ పేపరు ఉంది. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు.

“నెల రోజులసంది రోజు పొద్దుగాల పొలంల దిగుతున్నరట గద సార్,” అన్నాడు సంఘం కార్యదర్శి జైపాల్. “మేము జీతాలు లేక ఈడ కూసుంటె, మీరు ఆడ పని చేసుకుంటున్నరా?”

సుధాకర్ రావు పేపరు తెరిచి, తన పేరుకూ తన పేరుకూ మధ్య ఏముందో మొదటిసారి నిదానంగా చదివాడు. సమ్మె మొదలై సరిగ్గా నెల.

“గుంజీలు మొదలువెట్టుండ్రి సార్, ఇయ్యాల నేను లెక్కవెడ్త,” అన్నారు వెనక నుంచి ఎవరో. జనం లేచి ముందుకొచ్చారు. కెమెరాలు కూడా ఇటే తిరిగాయి. డైరెక్టరు పోస్టు సంగతి దేవుడెరుగు, ముందు ఇల్లు చేరితే చాలనిపించింది ఆయనకు. గబగబా వేదికెక్కి మైకు అందుకున్నాడు.

“నేను గేటు దాటితే ఒట్టు. ఆ మళ్ల మొఖం సూడక ఏడాదైంది. వాచ్‌మన్‌ను అడుగుండ్రి. నెల కాదు, మూడేండ్ల పనంత మా సంగీతదే. విరుగుడు కనిపెట్టింది గా పిల్లనే. నేను... పేరొక్కటి రాసుకున్న, గంతే.”

టెంటు ఒక్కసారి గొల్లున నవ్వింది. తర్వాత ఎవరో సంగీత కోసం చప్పట్లు కొట్టారు, అందరూ అందుకున్నారు. గుంజీల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బతికిపోయాననుకుంటూ సుధాకర్ రావు చెమట తుడుచుకుని కిందికి దిగాడు. నరేందర్‌ను బతిమాలి ఈ ముచ్చట పేపర్లో పడకుండా చూసుకుంటే, మెల్లగా అంతా సర్దుకుంటుంది.

నరేందర్ టెంటు పక్కన నిలబడి రాసుకుంటున్నాడు. అతని పక్కన సంగీత ఉంది. ఇద్దరూ అటు తిరిగి మాట్లాడుకుంటున్నారు.

“గీ పనంత నీదేనని నిన్ననే నాకు చెప్తె అయిపోవు గద చెల్లె?” అంటున్నాడు నరేందర్.

“నేను చెప్తె ఎవలు నమ్ముదురన్నా? సార్ పేరు మారుస్తడు గని మిగిలింది చదవడు, గందుకే గా నెల రోజుల ముచ్చట కావాలనే రాసిన.”