తలుపు అవతలి చప్పుడు

నాలుగో అంతస్తు అందీ అందకుండా లిఫ్టు ఆగిపోయింది. పైన దీపం కూడా దానికి తోడుపోయింది.

లోపల కుట్టుపని చేసే ఆవిడ ఒక్కతే. చంకలో ఆరో అంతస్తువాళ్ల కిటికీ పరదాల మూట. ఫోనేమో కొట్లో మిషను పక్కన హాయిగా ఛార్జింగులో ఉంది.

ఆవిడకి చిన్నప్పట్నించీ ఉబ్బసం. కాస్త భయపడితే చాలు, ఊపిరి అలిగి కూర్చుంటుంది.

సంచిలో చెయ్యిపెట్టి ఇన్‌హేలర్ తీసింది. కంగారులో చేజారింది. అది కిందపడి ఎటో దొర్లిపోయింది.

"ఎవరైనా ఉన్నారా!" తలుపు దబదబా బాదింది.

బయట టక్, టక్‌మని చప్పుడు.

"ఉన్నాను తల్లీ. వాచ్‌మన్ మెకానిక్కుని తీసుకురావడానికి వెళ్లాడు." పెద్దవయసు గొంతు.

"అందాకా నేనుండను! మందు కిందపడింది. ఏమీ కనబడ్డం లేదు!"

"కనబడకపోతే ఏం? చేతులున్నాయిగా."

ఆవిడకి ఒళ్లు మండింది.

"వెలుతుర్లో నిలబడి ఎన్ని కబుర్లైనా చెప్తారండీ! ఈ చీకట్లో మీరుంటే తెలిసేది!"

అవతల చిన్న నవ్వు.

"సరే, తిట్లు తర్వాత. ఏం పని చేస్తావు నువ్వు?"

ఊపిరాడక చస్తుంటే ఇదొకటి!

"కుట్టు... పని."

"అయితే ఇంకేం. తలుపు కొడుతున్నాను, వినబడుతోందా? ఇటు వీపు ఆనించి కూర్చో."

టక్, టక్.

కూర్చుంది.

"కత్తిరించే ముందు గుడ్డ ఎలా సాపు చేస్తావు? అరచెయ్యి పరిచి, ఈ అంచు నించి ఆ అంచుకి. నేలైనా అంతే. ఎడమ మూల నించి మొదలెట్టు. గాభరాగా తడిమావంటే వస్తువు ఇంకా దూరం పోతుంది. ఒక్కో జానెడే జరుగు."

ఎడమ మూల. ఒక వరస. ఏమీ లేదు. రెండో వరసలో పరదాల మూట. మూడో వరసలో చిటికెన వేలికి చల్లగా ఏదో తగిలింది.

"దొరికింది!"

"పీల్చు. మాట్లాడకు. నేనిక్కడే ఉన్నాను."

పీల్చింది. మళ్లీ పీల్చింది. గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పరదాలు ఏ రంగు?" అని అడిగాడు ఆయన.

"లేత నీలం."

"నీలం ఎలా ఉంటుంది?"

"నీలం నీలంలానే ఉంటుంది, ఇంకెలా ఉంటుందండీ!" అని, పాపం ఇంత చేసిన మనిషి కదా అనుకుని, కాస్త ఆలోచించి చెప్పింది. "ఎండలో తిరిగొచ్చి మొహం కడుక్కుంటే ఉంటుందే, అలా."

"అబ్బ, బాగుంది తల్లీ!"

పది నిమిషాలకి తలుపు తెరుచుకుంది. ఎదురుగా వాచ్‌మన్, మెకానిక్కు. పెద్దాయన లేడు.

"ఇక్కడ మాట్లాడినాయన ఏరీ? నోటికొచ్చినట్టు తిట్టాను కూడానూ!"

"మేం రాగానే, ఇక భయం లేదు కదా అని కిందికి బయల్దేరారమ్మా."

ఆవిడ మూట అక్కడే వదిలేసి మెట్లవైపు పరిగెత్తింది. కింద ఎక్కడో టక్, టక్.

"మెల్లగా వెళ్లండమ్మా, అందుతారు," అన్నాడు వెనక నించి వాచ్‌మన్. "మెట్టు మెట్టూ కర్రతో తడుముకుని దిగాలి కదా, ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు."