శాలువా కుచ్చు

గొర్రెల దొడ్డి ముందు ఎవరో ముసలమ్మ నిలబడి ఉంది.

అడుగెత్తడం రాక కాళ్లీడ్చుకుంటూ వచ్చినట్టుంది, మంచు మీద రెండు చాళ్లు పడ్డాయి.

బురుల్ ఆమెను లోపలికి తెచ్చి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. ఏ ఊరని, ఎవరి తాలూకని అడిగింది. ముసలమ్మకు తన పేరే తెలియదు. ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోతోంది. వేళ్లు కొయ్యబారాయి. టీ పోస్తే నోట్లోనే పెట్టుకుని చూస్తోంది.

మింగడం మరిచిపోయిందని బురుల్ కనిపెట్టింది. పాలు తాగని గొర్రెపిల్లకు చేసినట్టే గొంతు కింద నిమిరింది. గుటక పడింది.

వణుకుతోందని పెట్టెలోంచి శాలువా తీసి కప్పింది.

"నన్ను ముట్టుకోనివ్వవు కదే దాన్ని," అన్నాడు భర్త ఎసెన్.

అది బురుల్ తల్లి పోతూ అప్పగించింది. తుపానులో, కనుమ దారిలో తమ తల్లీబిడ్డలిద్దరినీ కాపాడి, పేరైనా చెప్పని మనిషికి కప్పాలి. నిలువెత్తు మనిషి, దూడను చంకనెత్తుకుపోగలదని గుర్తులు. ఆ రుణం తీర్చాలని బురుల్ నరిన్ సంతలో పొడుగాటి ఆడవాళ్లనందరినీ నిలేసి అడిగేది.

ఇంతలో ముసలమ్మ శాలువా కుచ్చులోంచి దారం లాగింది. బురుల్ వేలు పట్టుకుని గట్టిగా ముడేసింది. మీద మరో ముడి. మిగిలింది పంటితో తెంపింది. కొయ్యబారిన వేళ్లు ఆ పనికి ఎలా వంగాయో!

"గొర్రెపిల్లవనుకుంటోంది. సంతకు తోలుకుపోతుంది చూసుకో," అన్నాడు ఎసెన్.

"ఏం కడుతున్నావు పెద్దమ్మా?"

ముసలమ్మ ముడేసిన ఆ వేలిని తన చెవి దగ్గరకు తెచ్చుకుంది. "ఏడవనీ. ఏడిస్తే బతికినట్టే."

ఇంకో దారం లాగబోతే బురుల్ మనసు చివుక్కుమంది. శాలువా తీసేసి, పాత తోలుకోటు కప్పింది.

సాయంత్రం ముసలమ్మ కూతురు నాజికే వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయింది.

మంచు కరిగాక నాజికే ఒక్కతే వచ్చింది, చేతిలో నూనెలో కాల్చిన రొట్టెలతో. పోయినవాళ్ల పేరున పంచేవి. బురుల్ ఒక ముక్క తుంచుకుంది.

"ఆ రోజు విసిగించిందా అక్కా? మంచం పట్టాక కూడా కుచ్చులు లాగి అందరి వేళ్లకూ ముళ్లేసేది."

"ఎందుకలా?"

"చివర్లో వంగిపోయింది గానీ, వయసులో అంత పొడుగు మనిషి లేదు. కనుమ దారిలో ఎవరికో కాన్పు చేసిందట. దారం దొరక్క తన శాలువా కుచ్చు తెంపి బొడ్డు కట్టిందట. పిల్ల ఏడవలేదు. అంతలో బండి వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయింది. బతికిందో లేదోనని అన్నీ మరిచినా అదొక్కటే బెంగ."

బురుల్ పెట్టె తెరిచింది. కుచ్చు తగ్గిన శాలువా తీసి నాజికే భుజాల మీద కప్పింది.

అప్పుడు ఏడ్చింది, కనుమ దారిలో పుట్టిన ఆ పిల్ల.