పది నంబర్ పానా

"అందరూ జేబులు బోర్లించండి," అన్నాడు డెరిక్.

గ్యారేజీలో పద్నాలుగు మంది మెకానిక్‌లు వరసగా నిలబడి జేబులు బయటికి లాగారు. తాళంచెవులు, గుడ్డపేలికలు, ఒకడి జేబులోంచి సగం కొరికిన బేకన్ రొట్టె. చీఫ్ మెకానిక్ డెరిక్ ఒక్కొక్కడి దగ్గరా ఆగి, పైజేబులు కూడా తనే తడిమి చూశాడు. పది నంబర్ పానా ఎవరి దగ్గరా దొరకలేదు.

"ఎప్పుడు పోయినా పదే పోతుంది. పదమూడుకి కాళ్ళుండవో ఏమో," అని గొణిగాడు రొట్టె వాడు.

ఎవరూ నవ్వలేదు. కొత్త రేసు సీజనుకి ముందు కారుని నడిపి చూసుకోవడానికి అన్ని జట్లకీ దొరికేవి మూడే రోజులు. ఇది మొదటి రోజు. తొమ్మిదింటికి ట్రాక్ తెరిచారు, ఇప్పుడు పదకొండు. మిగతా జట్ల కార్లు నలభై చుట్లు తిరిగేశాయి. వీళ్ళ కారు గ్యారేజీ గడప దాటలేదు.

కారణం ఆ పనిముట్ల పెట్టె. దాని సొరుగుల్లో నల్ల స్పాంజి పరిచి, ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గూడు కోసి ఉంటుంది. ఒక్క గూడు ఖాళీగా ఉన్నా కారు కదలకూడదు. లోపల ఎక్కడో మరిచిపోయిన పానా మూడొందల కిలోమీటర్ల వేగంలో ఏ తీగని తెంపుతుందో ఎవరికి తెలుసు? ఆ నియమం పెట్టింది డెరిక్. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ సడలించలేదు.

డ్రైవర్ గారెత్ ఓ మూల టైర్ల దొంతి మీద కూర్చుని, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. బయట కారు వెళ్ళినప్పుడల్లా ఆ చప్పుడు నుదుటి వెనక సుత్తితో మోదినట్టుంది. శనివారం కొండదారిలో సైకిల్ మీంచి పడి తల రాయికి కొట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు డాక్టరు ఆపుతాడు, ఆ తర్వాత సీటు మాటియోకి పోతుంది. రిజర్వ్ డ్రైవర్ మాటియో పక్క గదిలో ఈ కబురు కోసమే కాచుకున్నట్టు కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా చిన్న రేసుల్లో నలిగి నలిగి గారెత్ ఈ సీటు దాకా వచ్చాడు.

పొద్దున టీ అందిస్తూ డెరిక్ అడగనే అడిగాడు, "ఏం అబ్బాయ్, ఒంట్లో బాగుందా?" అని. భేషుగ్గా ఉందన్నాడు గారెత్. కప్పు కోసం చాచిన చెయ్యి మొదటిసారి గాలిని పట్టుకుంది. అదృష్టం కొద్దీ ఎవరూ గమనించినట్టు లేదు.

మేనేజర్ హెలెన్ విసురుగా వచ్చింది.

"కొత్త పానా తెచ్చి ఆ గూట్లో పడెయ్యండి డెరిక్, కారు బయటికి పంపండి."

"పాతది ఎక్కడుందో కొత్తది చెప్పదు కదమ్మా."

"సాయంత్రానికి అరవై చుట్లు తిరక్కపోతే రేపు మీరిక్కడ ఉండరు."

"ఉండను. గూడు నిండందే కారూ కదలదు."

ఆవిడ పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళిపోయింది. డెరిక్ కారు అడుగుపలక విప్పించాడు. గేరుపెట్టె మూత తీయించాడు. ఎండెక్కింది. కుర్రాళ్ళంతా పొట్టి చేతుల బనియన్లలోకి దిగినా డెరిక్ మాత్రం గొంతు దాకా జిప్పు లాగిన కోటుతోనే తిరుగుతున్నాడు. ముసలాయనకి స్పెయిన్ ఎండ కూడా సరిపోవడం లేదని వాళ్ళు ఆట పట్టించారు.

పన్నెండు దాటాక ఆయన పానాల సొరుగు ఊడదీసి తెచ్చి గారెత్ ఒళ్ళో పెట్టాడు.

"చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి. ఇందులో ఎన్నున్నాయో నువ్వోసారి లెక్కపెట్టు."

గారెత్ వేలు పెట్టి లెక్కించాడు. పానాల అంచులు ఒకదాని మీదికొకటి జారుతున్నాయి.

"పన్నెండు."

"తొమ్మిది, అబ్బాయ్. ఇంకోసారి చూడు."

గారెత్ చూడలేదు. మొదటి మలుపు రెండుగా కనబడితే ఏ మలుపులో తిప్పాలి? పొద్దున తొమ్మిదింటికే ట్రాక్ మీదికి వెళ్ళి ఉంటే...

"శనివారం సైకిల్ మీంచి పడ్డాను," అన్నాడు తల దించుకుని. "అప్పట్నుంచీ అన్నీ రెండేసి కనబడుతున్నాయి."

డెరిక్ తిట్టలేదు. ఆ ఒళ్ళోంచి సొరుగు మెల్లగా తీసుకున్నాడు. "డాక్టరు దగ్గరికి నీ కాళ్ళతో నువ్వే వెళ్ళు. ఎవరో పట్టుకొచ్చినట్టు ఉండకూడదు."

డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, రెండు వారాలు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. పక్కనే నిలబడ్డ హెలెన్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

"మొదటి రేసు మూడు వారాలకి," అంది. "నీ అంతట నువ్వు చెప్పావు కాబట్టి సీటు నీకే ఉంచుతాను. ఆ పానా పుణ్యమా అని బతికావు, వెళ్ళి పడుకో."

మాటియోని రేసు బట్టలు వేసుకొమ్మని కబురు వెళ్ళింది.

హెల్మెట్ కోసం గారెత్ గ్యారేజీకి తిరిగొచ్చాడు. మెకానిక్‌లు ఇంకా కారు కింద దూరి వెతుకుతూనే ఉన్నారు. పెట్టె దగ్గర డెరిక్ ఒక్కడే అటు తిరిగి నిలబడి, పొద్దున్నించీ విప్పని కోటు జిప్పు కిందికి లాగాడు.

లోపలి జేబులోంచి పది నంబర్ పానా తీసి గూట్లో పెట్టాడు.