ఎనిమిది కోర్లు

"దీన్ని మీరే తీసేసుకోండి దీదీ. నాకొద్దు," అంటూ బాబ్జీ కంప్యూటర్ డబ్బాని సరోజిని షాపు బల్ల మీద పెట్టాడు.

ఎనిమిది కోర్ల ప్రాసెసర్ గేములకి మంచిదని మూడేళ్ళ కిందట అమ్మింది ఆవిడే. గేములేమో రెండు కోర్లనే వాడుకునేవి. మిగతా ఆరూ ఊరికే కూర్చునేవి. ఆట ఆగి ఆగి నడిచేది. సరోజిని మోసం చేసిందని బాబ్జీ ఆస్టినాబాద్ పేటంతా చెప్పుకున్నాడు.

సరోజిని కొత్తగా వచ్చిన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి అదే ఆట పెట్టింది. ఎనిమిది కోర్లూ పనిలోకి దిగాయి. తెర మీద కారు ఎక్కడా ఆగకుండా దూసుకుపోయింది.

బాబ్జీ నోరు తెరుచుకుని చూశాడు. గబగబా ఫోన్లో ఏదో రాశాడు.

"ఇలా అవుతుందని మీకు అప్పుడే తెలుసు కదా దీదీ?"

ఔనంటే పోయిన పేరు తిరిగొస్తుంది. ఆ మాట సరోజిని నోటిదాకా వచ్చింది.

"తెలీదు. ఆ నెల మన దీవికి సరుకు తెచ్చిన ఓడలో అదొక్కటే వచ్చింది. అందుకే మంచిదన్నాను."

"అయితే నేను తిట్టింది..."

"సహీ. సరిగ్గానే తిట్టావు."

బాబ్జీ ఇబ్బందిగా ఫోన్ చూపించాడు. "దీదీకి అంతా ముందే తెలుసని గ్రూపులో పెట్టేశాను. పదిమంది దండాలు కూడా పెట్టారు."

"తీసెయ్."

తీసేసి, ఇంకోటి రాశాడు: 'దీదీకి అప్పుడేం తెలీదంట. తనే చెప్పింది.' దానికి ఎవరూ దండం పెట్టలేదు.

బాబ్జీ డబ్బాని మళ్ళీ చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మా చెల్లికో కంప్యూటర్ కొనాలి దీదీ. ఏది మంచిదో మీరే చెప్పండి."