ఒక్క ప్రతిలోనే ఉన్న శ్లోకం

పాన్‌షెత్ ఆనకట్ట తెగి పుణే మునిగిన ఏడు. ఋషిపంచమి నాడు నాలుగైదు కాపురాలుండే తమ వాడాలోని ఆడవాళ్లందరికీ చేతిరాత ప్రతిలోంచి వ్రతకథ చదివి అర్థం చెబుతున్న త్ర్యంబకరావు మోఘే ఠక్కున ఆగాడు.

"ఈ శ్లోకం వదిలేస్తున్నాను. తర్వాతెవరో దూర్చింది."

ఆయన భార్య ద్వారకాబాయి తలెత్తింది. వరద బురద ఎత్తిపోసిన నాటి నుంచి ఆమెకు విడవని జ్వరం. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. త్ర్యంబకరావు కూడా అదే అన్నాడు. అందుకే దిగింది. ఆయన అవునన్నదాన్ని కాదనడం ఆమెకు పెళ్లినాటి అలవాటు. వంటింట్లోకి ఆయన్ని అడుగు పెట్టనిచ్చేది కాదు. మగాడు పొయ్యి ముట్టుకుంటే ఇంటికి అరిష్టమనేది. ఇవాళ ఉపవాసం. రేపు తెల్లారితే మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే.

"వదిలెయ్యడానికి మీరెవరు? ఉన్నది చదవండి."

"ఉన్నదంతా పాతది కాదే. పాత గ్రంథాల్లో ఎవరేం కలిపారో ఏరి పారెయ్యడమే కదా నా ఉద్యోగం!"

"అది మీ ఆఫీసులో. ఇది మా వ్రతం. చదవండి."

ఆయన గొణుగుతూ చదివి అర్థం చెప్పాడు. "వ్రతం చేసిన ఇల్లాలు మర్నాటి నుంచి పక్షం రోజులు వంటింటి గడప తొక్కరాదు. భర్తే వండిపెట్టాలి. కాదంటే ఫలం దక్కదు."

ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. మేడమీది కాశీతాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశావా? ఛందస్సు కుంటుతోంది. నేను చూసిన ఇంకే ప్రతిలోనూ ఇది లేదు. ఒక్క ప్రతిలోనే ఉందంటే ఎవరో ఒకరు కలిపినట్టే."

"ఛందస్సు కుంటితే మీకేం నొప్పి? పొయ్యి పేరు వినగానే ఋషి మాట దొంగదైపోయిందా?"

"అది కాదే, పద్ధతంటూ ఒకటుంది! ఒకదానికొకటి సంబంధం లేని ఊళ్లలో, రెండు మూడు చోట్ల కనబడితేనే పాతదని ఒప్పుకుంటాం."

ద్వారకాబాయి పక్కకు తిరిగింది. "కాశీతాయీ, మీ కర్హాడ్‌లో ఏమంటారు?"

కాశీతాయి తడుముకోలేదు. "మా నాయనమ్మ ఇదే చెప్పేది వదినా. తాతయ్య ఉడికించిన శెనగపిండి పిఠ్లా కుక్క కూడా ముట్టేది కాదట."

పాల చెంబుతో గుమ్మంలో నిలబడ్డ హౌసాబాయి అందుకుంది. "మా సాతారా పక్క నెల రోజులు, పంతులుగారూ."

ద్వారకాబాయి మొహం వెలిగిపోయింది. "రెండు ఊళ్లు! రోజుల లెక్క కూడా కలవలేదు. అంటే ఒకరిది విని ఇంకొకరు చెప్పింది కాదు. రోజూ మీరు నా చెవిలో ఊదేది ఇదేగా?"

త్ర్యంబకరావు నుదురు కొట్టుకున్నాడు. "నా ఖర్మ. పాతదేనేమో."

"ఏమో ఏంటి? పాతదే. ఇన్నేళ్లూ శ్లోకాల్ని మీరు బయటికి గెంటారు. ఇవాళ శ్లోకం మిమ్మల్ని వంటింట్లోకి గెంటింది."

అందరూ ఘొల్లున నవ్వారు.

"మరి అరిష్టం?" అన్నాడాయన దీనంగా.

"ఋషులే చెప్పాక ఇంకేం అరిష్టం? నోరు మూసుకుని వండండి."

మర్నాడు తెల్లవారుతూనే ఆయన పొయ్యి ముందు చతికిలబడ్డాడు. ఇల్లంతా పొగ కమ్మింది. "పోపు మాడిపోతోంది!" అని మంచం మీంచి కేకేస్తూ ద్వారకాబాయి లేవబోయింది. వ్రతఫలం గుర్తొచ్చి మళ్లీ పడుకుంది. ఉండలు కట్టిన పిఠ్లా, ఓ పక్క మాడిన జొన్నరొట్టె ఆయన కంచంలో పెట్టి మంచం దగ్గరికే తెచ్చాడు. ఉప్పు లేదని ఆమె తిట్టింది. తిడుతూనే అంతా తినేసింది. ఆ తర్వాత, వరద వెళ్లాక మొదటిసారి, పట్టపగలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. త్ర్యంబకరావు చప్పుడు కాకుండా కంచం తీసుకెళ్లి కడిగాడు.

తన జన్మలో ఆయన స్వయంగా రాసి దూర్చిన శ్లోకం అదొక్కటే.