మొలతాడుకున్న తాళంచెవి

"హూడి సంతలో ఒక బస్తా మేసొచ్చినట్టుండి, ఇంకా ఆకలంటాదమ్మా ఈ బకాసురుడు!" ల్యాబులో లావుపాటి ఎలుకకు మేత వేస్తూ పనివాడు వెంకటగిరియప్ప వెటకారమాడాడు.

"అది తిండిపోతు కాదు పెద్దాయనా," అంది పరిశోధకురాలు జెస్సీ. "చాలని చెప్పే హార్మోన్ దాని ఒంట్లో బోలెడుంది. మెదడు కణాలకే ఆ మాట వినపడదు, ఆకలినాపే జన్యువులు మేలుకోవు. ఎంత తిన్నా నిజంగానే ఆకలి. కొందరు పిల్లలకీ ఇంతే."

ముసలాయన చెయ్యి మొలతాడుకున్న తాళంచెవి మీదికి పోయింది. బొద్దుగా ఉన్న మనవరాలు పుష్పావతిని 'ఆడ బకాసురుడు' అని ఏడిపిస్తూ, ఏడాదిగా వంటింటికి తాళం వేస్తున్నది తనే.

ఆ సాయంత్రం తాళం తీసి, వేడి రాగిముద్ద పెట్టాడు. "తినమ్మా, ఆకలిగా ఉండాది కదా?"

పిల్ల ముద్దను చూసింది. తాత చేతిలోని తాళంచెవిని చూసింది. గుటక మింగి, "నాకు ఆకలే లేదు తాతా," అంది.